ఆఖరి మాట దగ్గర ఆగితే: పసితనంలో పాట చేసే పని

ఎనిమిది నెలల బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక తల్లి నాలుగు పాదాల చిన్న పాట పాడుతోందనుకుందాం. ప్రతి పాదానికీ ఆమె మోకాళ్ల మీద బిడ్డ నాలుగుసార్లు ఎగురుతుంది. నాలుగో పాదం ఆఖరి మాటకు తల్లి మోకాళ్లు విడదీసి బిడ్డను కిందికి జార్చినట్టే జార్చి పట్టుకుంటుంది. మొదటి రోజు బిడ్డ ఉలిక్కిపడుతుంది. రెండు మూడు రోజులకు నవ్వడం మొదలుపెడుతుంది. వారం పది రోజులు గడిచేసరికి, జారే క్షణం రాకముందే ఆ చిన్న భుజాలు బిగుసుకుంటాయి, చూపు తల్లి ముఖం మీద నిలుస్తుంది, నవ్వు ముందే పెదవుల మీదికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడు తల్లి ఆఖరి మాట అనకుండా ఆగిపోతే, రెండు సెకన్ల పాటు ఏ చప్పుడూ ఉండదు. బిడ్డ కాళ్లు ఆడిస్తుంది, తల్లి నోటివైపు చూస్తుంది, చివరికి "ఊఁ" అంటుంది. తల్లి ఆఖరి మాట అని బిడ్డను జారుస్తుంది.

ఇందులో జరిగినదాన్ని విడదీసి చూస్తే చాలా సంగతులు ఉన్నాయి. పాట నడక బిడ్డకు గుర్తుంది. తర్వాత ఏం రావాలో, అంతకన్నా ముఖ్యంగా అది ఎప్పుడు రావాలో తెలుసు. రావలసింది రానప్పుడు తేడా పసిగట్టింది. ఆ లోటు పూడ్చగలిగేది ఎదుటి మనిషేనని గ్రహించి కంటితో, కాళ్లతో, గొంతుతో అడిగింది. మాటలు రావడానికి ఇంకా నెలలు పట్టే బిడ్డ, సంభాషణలో తన వంతు తాను తీసుకుంది. సంగీతం పిల్లల తెలివిని పెంచుతుందా అన్న ప్రశ్న చుట్టూ గత మూడు దశాబ్దాలలో చాలా హడావిడి జరిగింది గానీ, దానికి దొరికిన జవాబులు అంత గట్టివి కావు. ఒళ్లో సాగే ఈ ఆట దగ్గర నిలబడి చూస్తే అడగవలసిన ప్రశ్న వేరుగా కనిపిస్తుంది. ముందే ఊహించడానికి వీలైన ఒక లయలో మరో మనిషితో కలిసి నడవడం బిడ్డకు ఏమిస్తుంది? పసితనంలో సంగీతం వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తోందని ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చదివితే అనిపిస్తుంది.

లయ ముందు, మాట తర్వాత

గర్భంలోని శిశువు లోపలి చెవి సుమారు 24, 25 వారాలకు పనిచేయడం మొదలుపెడుతుంది. 28 వారాలు దాటేసరికి బయటి శబ్దాలకు శిశువు నిలకడగా స్పందిస్తుంది. అయితే ఆ శబ్దాలు ఉన్నవి ఉన్నట్టుగా లోపలికి చేరవు. తల్లి శరీరం, ఉమ్మనీరు కలిసి హెచ్చు స్థాయి ధ్వనులను అణచివేసి, మంద్రధ్వనులను మాత్రం పోనిస్తాయి. పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటుంటే మాటలు తెలియకపోయినా గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో, ఎక్కడ ఆగుతోందో మనకు తెలుస్తూనే ఉంటుంది. గర్భంలోని శిశువుకు భాష అందేదీ దాదాపు ఆ విధంగానే, అంటే ముందు రాగంగానూ లయగానూ. హల్లుల పదును తర్వాతి సంగతి.

అక్కడ విన్నది ఊరికే పోదని 1986లో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ చేసిన ప్రయోగం చూపించింది. గర్భిణులు చివరి ఆరు వారాలు రోజూ ఒకే కథను పైకి చదివారు. పుట్టిన కొద్ది రోజులకే ఆ శిశువుల నోట్లో రబ్బరు పీక పెట్టి, చప్పరించే తీరును బట్టి ఏదో ఒక కథ వినిపించే ఏర్పాటు చేస్తే, గర్భంలో విన్న కథ వినిపించే విధంగానే శిశువులు చప్పరింపును మార్చుకున్నారు. చదివే గొంతు తల్లిది కాకపోయినా ఫలితం అదే. కథ అర్థం తెలిసే అవకాశమే లేదు కాబట్టి వారు గుర్తుపట్టింది దాని నడకనే అనుకోవాలి. 2009లో జర్మనీలో కాథ్లీన్ వెర్మ్‌కె బృందం 60 మంది నవజాత శిశువుల ఏడుపును రికార్డు చేసి పోల్చి చూసింది. ఫ్రెంచి మాట్లాడే ఇళ్ల పిల్లల ఏడుపు కింది నుంచి పైకి లేచే బాణీలోనూ, జర్మన్ ఇళ్ల పిల్లల ఏడుపు పై నుంచి కిందికి దిగే బాణీలోనూ ఎక్కువగా సాగింది. ఆ రెండు భాషల మాటతీరులో వినిపించే ఒంపులు కూడా అవే. పుట్టిన వారం లోపే బిడ్డ ఏడుపుకు సైతం యాస ఉందన్నమాట.

లయ సంగతి ఇంకా ఆశ్చర్యకరం. అదే 2009లో ఇష్త్వాన్ వింక్లర్ బృందం రెండు మూడు రోజుల వయసున్న, నిద్రలో ఉన్న శిశువుల తలకు ఎలక్ట్రోడ్‌లు అమర్చి, వారికి డ్రమ్ములపై వాయించిన ఒకే వరసను పదే పదే వినిపించింది. మధ్య మధ్య ఒక దెబ్బ తీసేశారు. ఎక్కడో పక్కనున్న చిన్న దెబ్బ పోయినప్పుడు మెదడు సంకేతాలలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆవర్తం మొదలయ్యే చోట పడవలసిన దెబ్బ పోయినప్పుడు మాత్రం మెదడు ఏదో తప్పిపోయిందన్నట్టు స్పందించింది. తాళంలో 'సమం' అని పిలుచుకునే ఆ మొదటి దెబ్బ కోసం ఎదురుచూసే గుణం నేర్పించక ముందే మనిషిలో ఉందని దీన్ని బట్టి చెప్పవచ్చు.

ఎదురుచూపు పుట్టుకతో వచ్చినా దేనికోసం ఎదురుచూడాలో అనుభవమే నేర్పుతుంది. అది నేర్చుకోవడంలో చెవితో పాటు ఒళ్లూ పాలుపంచుకుంటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రైనర్ 2005లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో చాలా తేటగా ఉంటుంది. ఏడు నెలల పిల్లలకు ఏ దెబ్బ మీదా ఒత్తు లేని ఒక దరువును రెండు నిమిషాల పాటు వినిపించారు. వినిపిస్తూనే కొందరిని ప్రతి రెండో దెబ్బకూ, మరికొందరిని ప్రతి మూడో దెబ్బకూ ఎత్తి ఎగరేశారు. చెవిలో పడిన శబ్దం అందరికీ ఒక్కటే. తర్వాత అదే దరువును ఒత్తులు చేర్చి రెండు రకాలుగా వినిపిస్తే, రెండేసి లెక్కన ఎగిరిన పిల్లలు రెండేసి ఒత్తులున్న దాన్నీ, మూడేసి లెక్కన ఎగిరినవారు మూడేసి ఒత్తులున్న దాన్నీ ఎక్కువసేపు విన్నారు. ఎవరో ఎగురుతుంటే చూస్తూ కూర్చున్న పిల్లలలో ఈ తేడా రాలేదు. కళ్లకు గంతలు కట్టుకుని ఎగిరిన పిల్లలలో మాత్రం వచ్చింది. బిడ్డను ఎత్తుకుని పాడుతూ ఊపడం చెవికి చేసే సేవ మాత్రమే కాదనీ, ఏది ముఖ్యమైన దెబ్బో బిడ్డ తన శరీరంతో తేల్చుకుంటుందనీ ఈ ప్రయోగం చెబుతోంది.

తొలి ఏడాదిలోనే బిడ్డ చెవి తన చుట్టూ ఉన్న సంగీతానికి అలవాటుపడి, మిగతా వాటి పట్ల కొంత మందగిస్తుంది. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో చూపించినట్టు, ఉత్తర అమెరికాలో పెరుగుతున్న ఆరు నెలల పిల్లలు సమానంగా విరిగే సాదా తాళాలలోని తప్పునూ, ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతపు జానపద సంగీతంలో ఉండే, రెండు మాత్రల తునకలూ మూడు మాత్రల తునకలూ కలిసిన తాళాలలోని తప్పునూ ఒకే తీరుగా పట్టుకున్నారు. ఏడాది నిండిన పిల్లలు తమ ప్రాంతపు తాళంలోని తప్పునే పట్టగలిగారు. అయితే రెండు వారాల పాటు ఇంట్లో ఆ బాల్కన్ సంగీతం వింటే ఏడాది పిల్లలకు ఆ నేర్పు తిరిగి వచ్చింది. పెద్దలకు అంతే కాలం వినిపించినా అలా రాలేదు. పరాయి భాషల ధ్వనుల విషయంలోనూ బిడ్డ చెవి ఇదే వయసులో, ఇదే విధంగా ఇరుకవుతుంది. రకరకాల సంగీతం తొలి ఏళ్లలో వినిపించడానికి సమర్థన ఏదైనా ఉంటే అది తెలివితేటల లెక్కల్లో కన్నా ఇక్కడ దొరుకుతుంది.

పాటకూ పలుకుకూ మధ్య

పసివారితో మాట్లాడేటప్పుడు పెద్దల గొంతు తెలియకుండానే మారిపోతుంది. స్థాయి పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, అచ్చులు సాగుతాయి, ఒకే మాట నాలుగు రకాల ఒంపులతో తిరిగి తిరిగి వస్తుంది. ముద్దుచేసే ఈ మాటతీరు పాటకు ఒక్క అడుగు ఇవతల ఆగిన మాటే. భాష నేర్చుకోవడం ఒక్కో ధ్వనిని గుర్తుపట్టడంతో మొదలై, వాటిని కలిపి మాటలు చేసుకోవడంతో ముగుస్తుందని చాలాకాలం అనుకున్నారు. కేంబ్రిడ్జిలో ఉషా గోస్వామి, డబ్లిన్ పరిశోధకులు కలిసి 50 మంది శిశువులను నాలుగు, ఏడు, పదకొండు నెలల వయసులలో పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనం ఆ వరుసను ప్రశ్నించింది. బిడ్డ మెదడులో విడి ధ్వనుల ముద్ర ఏడు నెలల ప్రాంతానికి గానీ నమ్మదగినంతగా కనిపించలేదు. అంతవరకూ బిడ్డ దేన్ని పట్టుకుని భాషలోకి దిగుతోంది? మాటలోని ఒత్తులు, విరుపులు, అక్షరాల జోరు ఏర్పరిచే లయనే అని గోస్వామి వాదన. ఎక్కడ ఒత్తు పడుతోందో తెలిస్తే మాట ఎక్కడ మొదలైందో ఊహించవచ్చు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేని మాటల ప్రవాహంలో ఆ ఊహే బిడ్డకు ఊతం. పాటలో ఈ ఒత్తులు మరింత స్పష్టంగా, మరింత క్రమంగా, ప్రతిసారీ అదే చోట పడతాయి.

ఈ వాదనకు ప్రయోగం నుంచి కొంత బలం దొరికింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టినా జావో, పట్రీషియా కూల్ తొమ్మిది నెలల పిల్లలు 39 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు తల్లిదండ్రులతో కలిసి మూడు దెబ్బల నడకలో సాగే సంగీతానికి తాళం వేస్తూ, ఊగుతూ ఆడుకుంది. రెండో జట్టు అంతే సేపు, అంతే సరదాగా, బొమ్మలతో ఆడుకుంది. అక్కడ సంగీతం లేదు. నెల రోజులలో పావుగంట చొప్పున 12 సార్లు ఇలా ఆడించిన తర్వాత, సంగీతంలో తాళం తప్పినప్పుడూ, మాటలో అక్షరం నడక మారినప్పుడూ, సంగీతం జట్టు పిల్లల మెదడు మరింత బలంగా స్పందించింది. సంగీతంలో నేర్చిన ఎదురుచూపు మాటలోకీ పాకిందన్నమాట. 2016లో వచ్చిన ఈ ప్రయోగంలో గమనించవలసిన మరో సంగతి, తల్లిదండ్రుల సాహచర్యం రెండు జట్లకూ సమానంగా అందింది. కాబట్టి తోడు ఒక్కటే అన్నీ చేస్తుందని కూడా చెప్పలేము. ఆ తోడును ఒక క్రమంలో కట్టిపడేసే దరువుకు దాని పని దానికి ఉంది.

కాస్త పెద్దయ్యాక, అంటే మూడు నుంచి ఐదేళ్ల మధ్య, పాట చేసే సాయం మరో రూపం తీసుకుంటుంది. 'చిలక' అన్న మాటను చి, ల, క అని మూడు చప్పట్లతో పలికే పిల్లవాడు మాట ఒక ముద్ద కాదని, దాన్ని తునకలు చేయవచ్చని చేతులతో తెలుసుకుంటున్నాడు. పలికే తునకకు ఒక అక్షరం చొప్పున రాసే తెలుగు లాంటి లిపులలో ఈ తెలివి చదవడానికి తిన్నగా పనికొస్తుంది. ప్రాస కూడా ఇలాంటిదే. 'గంప'కూ 'జంప'కూ చివర ఒకటే, మొదలు వేరు అని పాటలో నవ్వుతూ పసిగట్టిన చెవి, తర్వాత గుణింతాల దగ్గర అంతగా తడబడదు. కెనడాలో 100 మంది నాలుగైదేళ్ల పిల్లల మీద జరిగి 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో సంగీత నైపుణ్యానికీ, మాటలోని ధ్వనులను గుర్తుపట్టే శక్తికీ, తొలి చదువుకూ సంబంధం కనిపించింది. సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు. కానీ రెండింటికీ అడుగున ఉన్న పని, సాగే శబ్దాన్ని సరైన చోట విరగ్గొట్టుకోవడం, ఒక్కటేనని అనుకోవడానికి ఇది చాలినంత ఆధారం.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. పాట గుర్తుపెట్టుకోవడానికి ఎంత బాగా తోడ్పడుతుందో, అర్థం లేకుండా గుర్తుపెట్టుకోవడానికీ అంత బాగా తోడ్పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలను పాటగా నేర్చిన పిల్లలు మధ్యలో వేగంగా వచ్చే ఎల్, ఎమ్, ఎన్, ఓలను కలిపి 'ఎలమెనో' అనే ఒకే అక్షరం ఉందనుకోవడం చాలా మంది ఉపాధ్యాయులకు అనుభవమే. అంకెల పాట సంగతీ అంతే. ఒకటి నుంచి పది దాకా తడుముకోకుండా పాడే మూడేళ్ల పిల్లవాడిని ముందున్న గోళీలలో నాలుగు తీసి ఇమ్మంటే గుప్పెడు తీసి ఇవ్వడం మామూలే. పాట అతనికి అంకెల తాడును ఇచ్చింది. ఒక్కో ముడినీ ఒక్కో వస్తువుతో జత చేయడం, ఆఖరున అన్న అంకే మొత్తం సంఖ్య అని తెలుసుకోవడం వేరే పని. పాడుతూ ఒక్కో అంకెకు ఒక్కో గోళీ జరిపితే ఆ రెండో పని మొదలవుతుంది. పాటలో వినిపించిన మాటకు చేతిలో వస్తువో, ఒంటి మీద స్పర్శో, ఎదురుగా కనిపించే చర్యో జతపడాలని పసిపిల్లల ఉపాధ్యాయులు పట్టుబట్టేది ఇందుకే.

కలిసి ఊగినవారు

2014లో లారా సిరెల్లి, ట్రైనర్ తదితరులు చేసిన ప్రయోగం చూడటానికి ఆటలా ఉంటుంది. 14 నెలల బిడ్డను ఒక పెద్ద మనిషి ఎదకు కట్టుకుని సంగీతానికి ఎగరేస్తుంటే, ఎదురుగా మరో ఆమె నిలబడి తానూ ఎగురుతుంది. కొందరు పిల్లల విషయంలో ఇద్దరి ఎగురుడూ కలిసింది, మరికొందరి విషయంలో కలవలేదు. తర్వాత ఎదురుగా నిలబడ్డ ఆమె బట్టల క్లిప్పులో, కాగితపు ఉండలో పొరపాటున జారవిడిచినట్టు నటిస్తుంది. తనతో లయ కలిపిన మనిషికి తప్పటడుగులతో వెళ్లి అవి ఏరి ఇచ్చిన పిల్లల సంఖ్య, లయ కలవని జట్టులో కన్నా ఎక్కువగా తేలింది. సెబాస్టియన్ కిర్ష్‌నర్, మైకేల్ టోమసెల్లో నాలుగేళ్ల పిల్లలు 96 మందిని జంటలుగా చేసి, కొన్ని జంటలతో పాడుతూ వాయిస్తూ సాగే ఆటనూ, మిగతా జంటలతో పాట లేకుండా అదే కథతో సాగే ఆటనూ ఆడించారు. పాటతో ఆడినవారు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువగా సాయపడ్డారు. 2010 నాటి ఈ ఫలితం పిల్లల బడులలో రోజును పాటతో మొదలుపెట్టే పాత అలవాటుకు ఒక కారణాన్ని చూపిస్తుంది. ఉదయం గుండ్రంగా కూర్చుని పాడే పాట పిల్లలను 'సర్దుబాటు' చేసే ఉపాయం అనుకుంటారు గానీ, పది మంది ఒకే క్షణంలో ఒకే పని చేసిన అనుభవమే వారిని ఒక జట్టుగా చేస్తుంది.

అందరి పాటా బిడ్డకు ఒక్కటి కాదు. సామ్యూల్ మెర్, లీ ఆన్ సాంగ్, ఎలిజబెత్ స్పెల్కీ 2016లో ఐదు నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో కొందరు పిల్లలకు తల్లో తండ్రో ఒకటి రెండు వారాలు ఇంట్లో ఒక కొత్త పాట పాడారు. మరికొందరికి అదే పాటను ఒక ఆటబొమ్మ వినిపించింది. తర్వాత ఇద్దరు కొత్త మనుషులను తెర మీద చూపించారు. ఒకరు ఆ పాట, మరొకరు వేరే పాట పాడారు. తల్లిదండ్రుల నోట పాట విన్న పిల్లలు, అదే పాట పాడిన కొత్త మనిషివైపు ఎక్కువసేపు చూశారు. బొమ్మ దగ్గర విన్న పిల్లలకు ఆ మొగ్గు రాలేదు. పాట వారికి ఒక రకమైన గుర్తింపు చీటీ అయిందని దీని అర్థం: మావాళ్లకు తెలిసిన పాట ఈ మనిషికీ తెలుసు. బొమ్మకు తెలిసిన పాట ఎవరినీ తమవాళ్లను చేయలేదు.

లాలించడం సంగతి చెప్పనక్కరలేదు. కానీ లెక్క చూస్తే ఆసక్తిగా ఉంటుంది. మాంట్రియల్‌లో మరియెవ్ కోర్‌బే, ట్రెహబ్, ఇసబెల్ పెరెట్జ్ ఏడాది నిండని పిల్లలకు తల్లులు కనిపించకుండా కేవలం రికార్డు చేసిన గొంతు వినిపించి, ఎంతసేపటికి చిరాకు మొదలవుతుందో చూశారు. మాటలు విన్నప్పుడు, అవి ముద్దు మాటలైనా సరే, నాలుగు నిమిషాల ప్రాంతంలోనే పిల్లలు ముఖం ముడిచారు. తెలియని టర్కిష్ భాషలో పాట విన్నప్పుడు సుమారు తొమ్మిది నిమిషాలు నిలకడగా ఉన్నారు. ఇక్కడ మనిషి లేడు, గొంతు మాత్రమే ఉంది. కాబట్టి క్రమంగా తిరిగి వచ్చే శబ్దానికి సొంతంగానూ కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రి ప్రత్యేక విభాగాలలో ఉన్న శిశువులు 272 మందితో, 11 ఆసుపత్రులలో జరిగి 2013లో వెలువడిన పరిశోధన ఆ బలాన్ని వైద్యం దాకా తీసుకెళ్లింది. తల్లిదండ్రులు ఎంచుకున్న పాటను లాలిపాట నడకలోకి మార్చి మెల్లగా పాడటం, గర్భంలోని చప్పుళ్లను పోలిన వాద్యాలను శిశువు ఊపిరికి అనుగుణంగా వాయించడం వల్ల గుండె వేగం, పాలు చప్పరించే తీరు, నిద్ర మెరుగుపడ్డాయి, తల్లిదండ్రుల ఆందోళనా తగ్గింది. ఇవన్నీ రికార్డులు కావు. శిశువును చూస్తూ, ఆ శిశువుకు తగ్గట్టు మార్చుకుంటూ, శిక్షణ పొందిన సంగీత చికిత్సకుల పర్యవేక్షణలో పాడినవీ వాయించినవీ.

మొజార్ట్ సీడీ సంగతి

శాస్త్రీయ సంగీతం వినిపిస్తే పిల్లలు తెలివైనవాళ్లవుతారన్న నమ్మకానికి మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న నివేదిక. ఫ్రాన్సెస్ రాషర్ బృందం అందులో పరీక్షించింది పిల్లలను కాదు, 36 మంది కళాశాల విద్యార్థులను. ఆస్ట్రియా స్వరకర్త మొజార్ట్ సొనాటా (పియానో మీద వాయించే రచన) ఒకటి పది నిమిషాలు విన్నాక, కాగితాన్ని మడిస్తే ఎలా ఉంటుందో వంటి ఆకారాలను ఊహించే కొన్ని పరీక్షలలో వారికి కాస్త ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. ఐదేళ్లు తిరగకుండానే అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతపు సీడీ ఇవ్వడానికి లక్షా 5 వేల డాలర్లు కేటాయించాలని ప్రతిపాదించాడు. కళాశాల విద్యార్థుల కాగితపు మడతల పరీక్ష నుంచి పొత్తిళ్లలోని బిడ్డ దాకా ఆ దూకుడు ఎలా సాగిందో తర్కానికి అందదు. 2010లో జేకబ్ పీట్ష్‌నిగ్ తదితరులు సుమారు 40 అధ్యయనాలను కలిపి చూస్తే మొజార్ట్‌కు ప్రత్యేకమైన మహిమ ఏదీ తేలలేదు. హుషారైన ఏ శబ్దమైనా మనిషిని కొద్దిసేపు చురుకుగా ఉంచుతుంది, అంతే.

సంగీతం వినడం పక్కనపెట్టి, నేర్చుకోవడం గురించి అడిగినా జవాబు అంత తేలిక కాదు. గ్లెన్ షెలెన్‌బర్గ్ 2004లో ఆరేళ్ల పిల్లలు 144 మందిని చీటీ వేసినట్టు నాలుగు జట్లుగా చేసి, రెండింటికి సంగీతం, ఒకదానికి నాటకం నేర్పించి, నాలుగోదానికి ఏదీ నేర్పలేదు. ఏడాది చివర ఐక్యూ అందరికీ పెరిగింది: సంగీతం జట్లలో సగటున 7 పాయింట్లు, మిగతా జట్లలో 4.3. తేడా ఉంది గానీ చిన్నది. నాటకం జట్టు పిల్లలలో నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది, ఆ సంగతిని మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. 2013లో మెర్ బృందం నాలుగేళ్ల పిల్లలతో చేసిన రెండు ప్రయోగాలలో స్థిరమైన లాభం ఏదీ కనిపించలేదు. జొవానీ సాలా, ఫెర్నాండ్ గోబె 2020లో 54 అధ్యయనాలను, దాదాపు 7 వేల మంది పిల్లల వివరాలను కలిపి చూసి, ప్రయోగం ఎంత పకడ్బందీగా జరిగితే లాభం అంతగా సున్నాకు దగ్గరవుతోందని తేల్చారు. లెక్కల్లో మార్కుల కోసం పిల్లలను సంగీతం క్లాసుకు పంపేవారికి ఇది నిరాశే. నిజానికి లెక్కలు రావాలంటే లెక్కలే నేర్పాలి. సంగీతానికి వేరే సబ్జెక్టుల దగ్గర పూచీకత్తు వెతకడం మొదటి నుంచీ అనవసరమైన పని.

అయితే సీడీకీ, ఒడికీ ఉన్న తేడాను నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. మెక్‌మాస్టర్‌లోనే డేవిడ్ జెరీ, ఆండ్రియా అన్రావ్, ట్రైనర్ ఆరు నెలల పిల్లలను, వారి తల్లిదండ్రులను ఆరు నెలల పాటు వారం వారం రెండు రకాల క్లాసులకు రప్పించారు. ఒకదానిలో పెద్దలూ పిల్లలూ కలిసి పాడారు, వాయించారు, అవే పాటలను ఇంట్లోనూ పాడుకున్నారు. రెండోదానిలో పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే వెనక సంగీతం మోగుతూ ఉండేది. ఏడాది నిండేసరికి మొదటి జట్టు పిల్లలు వేలు పెట్టి చూపించడం, చేయి ఊపి వీడ్కోలు చెప్పడం వంటి సైగలను ఎక్కువగా వాడారు, కొత్తవాటి దగ్గర తక్కువ బెదిరారు, తేలిగ్గా ఊరడిల్లారు. వినిపించిన సంగీతం రెండు చోట్లా ఉంది. పంచుకున్న సంగీతం ఒక చోటే ఉంది.

వెనక మోగే సంగీతం గురించి మరో మాట. గోలలో నుంచి మాటను వేరు చేసుకోవడం పెద్దలకు ఉన్నంత తేలిక పసివారికి కాదు. ఎదుటివారి గొంతు చుట్టూ ఉన్న చప్పుడును బాగా మించి ఉంటే గానీ వారికి మాట స్పష్టంగా అందదు. రోజంతా టీవీయో స్పీకరో మోగే ఇంట్లో 'సంగీత వాతావరణం' ఉందని మురిసిపోవడం కన్నా, అది బిడ్డ చెవిలో పడవలసిన మాటలను మింగేస్తోందేమో చూసుకోవడం మంచిది. పిల్లల పాటల వీడియోలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రెండేళ్ల లోపు పిల్లలకు తెరలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. వీడియోలోని గాయని ఎంత బాగా పాడినా, ఆఖరి మాట దగ్గర ఆగి బిడ్డ "ఊఁ" అనేదాకా వేచి ఉండలేదు.

శ్రుతి, వేగం, ఓపిక

తమ గొంతు బాగుండదని పాడటానికి వెనకాడే తల్లిదండ్రులు చాలా మంది. పసిబిడ్డ తీర్పు వేరే కొలతలతో నడుస్తుంది: గొంతు తెలిసినదా, తన వైపు తిరిగి ఉందా, నిన్న పాడినట్టే ఇవాళా పాడుతోందా అన్నవే అందులో ముఖ్యం. స్థాయి మారినా బిడ్డ వరసను గుర్తుపడుతుంది. ఆరు నెలల పిల్లలు వారం రోజులు విన్న వరసను వేరే శ్రుతిలో వినిపించినా అదేనని పోల్చుకున్నారని జూడీ ప్లాంటింగా, ట్రైనర్ 2005లో చూపించారు. కాబట్టి నిన్న ఒక శ్రుతిలో, ఇవాళ మరో శ్రుతిలో పాడినా నష్టం లేదు. పెద్దలకు విసుగు పుట్టించే పునరావృతి బిడ్డకు పనిముట్టు, ఎందుకంటే ముందే తెలిసినదానిలోనే మార్పును పట్టుకోగలం. పది పాటలు ఒక్కోసారి పాడటం కన్నా ఒక పాటను పదిసార్లు పాడి, పదకొండోసారి ఒక మాట మార్చడం బిడ్డకు ఎక్కువ ఇస్తుంది.

పిల్లలతో పాడించేటప్పుడు పెద్దలు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, తమకు సుఖంగా ఉండే మంద్రస్థాయిలో మొదలుపెట్టడం. చిన్నపిల్లల గొంతు అంత కిందికి దిగదు కాబట్టి వారు పాడటం మాని మాటల్లా గొణుగుతారు, అప్పుడు వారికి శ్రుతి లేదని పెద్దలు తేల్చేస్తారు. హంగరీ స్వరకర్త జొల్తాన్ కొదాయ్ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతిలో పిల్లలకు తొలి పాటలను రెండు మూడు స్వరాలకే పరిమితం చేయడం ఈ ఇరుకు పరిధిని గౌరవించడమే. రెండోది వేగం. పెద్దలను ఇష్టమైన వేగంతో బల్ల మీద కొట్టమంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య సుమారు 600 మిల్లీసెకన్లు ఉంటుంది. నాలుగైదేళ్ల పిల్లలకు అది 400కు దగ్గరగా ఉంటుంది. పెద్దల వేగానికి కలవలేకపోవడాన్ని తాళజ్ఞానం లేకపోవడంగా లెక్కకట్టడం పిల్లల పట్ల అన్యాయం. వినికిడి లోపం వల్ల కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అమర్చుకున్న పిల్లలకు స్వరాల హెచ్చుతగ్గులు సరిగా అందకపోయినా, దరువు బాగానే అందుతుంది. వారి విషయంలోనూ మొదలుపెట్టవలసిన చోటు డోలే.

ఆ డోలు దగ్గర కిర్ష్‌నర్, టోమసెల్లో 2009లో మరో సంగతి గమనించారు. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ల పిల్లలకు కర్ర చేతికిచ్చి మూడు విధాలుగా తాళం కలపమన్నారు: ఎదురుగా ఒక మనిషి వాయిస్తుంటే, ఒక యంత్రం డోలును కొడుతుంటే, కేవలం స్పీకరులో చప్పుడు వస్తుంటే. మూడు వయసుల వారూ మనిషితోనే బాగా కలిపారు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు రెండున్నరేళ్ల పిల్లలు సైతం తమ సహజమైన పరుగు వేగాన్ని తగ్గించుకుని, అతని నెమ్మదైన దెబ్బ కోసం కర్ర పైకెత్తి ఆగారు.